ఇన్సూరెన్స్ కమీషన్ లెక్కలు టాలీలో ఎలా రాయాలి: స్టేట్‌మెంట్ నుంచి 26ఏఎస్ దాకా

అనంతపురం సుభాష్ రోడ్డులో ఇన్సూరెన్స్ ఆఫీసు పెట్టుకున్నవాళ్లు, తాడిపత్రి లారీలకు పాలసీలు చేసేవాళ్లు, గుంతకల్లులో హెల్త్ పాలసీలు అమ్మేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "కమీషన్ బ్యాంకులో పడింది పడినట్టు ఎంట్రీ వేసేస్తే చాలదా?"

చాలదు. బ్యాంకులో పడేది టీడీఎస్ (కంపెనీ ముందే కోసే పన్ను) పోగా, రద్దయిన పాలసీల రికవరీ పోగా మిగిలిన ముక్క. అదే ఆదాయం అని రాసుకుంటే మీ లెక్కలో ఒక అంకె, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కోసిన పన్నంతా చూపే పట్టిక) ఇంకో అంకె ఉంటాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది: ఏ పాలసీకి కమీషన్ రాలేదో మీకు ఎప్పటికీ తెలియదు. చిల్లర వ్యాపారులకున్న 44ఏడీ సౌకర్యం, అంటే లెక్కలు రాయకుండా టర్నోవర్‌లో ఇంత శాతం లాభం అని చూపించేయడం, కమీషన్ ఆదాయానికి వర్తించదు. కాబట్టి పుస్తకాలు రాయక తప్పదు. రాసేదేదో సరిగ్గా రాద్దాం.

మన దగ్గర లెక్కలకు ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్ కాబట్టి మీటలు దాని ప్రకారమే చెబుతున్నాను. జోహో బుక్స్ లాంటివి వాడేవాళ్లకు స్క్రీన్ మారుతుంది, పద్దులు మారవు.

మొదట మీరు ఎవరో తేల్చుకోండి

జీఎస్టీ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మీరు నేరుగా ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఏజెంటు అయితే, మీ కమీషన్ మీద జీఎస్టీ కట్టే బాధ్యత కంపెనీది. దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. మీకు వేరే వ్యాపారం లేకపోతే జీఎస్టీ నంబరు అక్కర్లేదు. కానీ మనలో చాలామంది అదే టేబుల్ మీద ఆర్టీఓ పనులు కూడా చేస్తుంటారు. ఆ సర్వీసు చార్జీ రివర్స్ చార్జ్ కిందకి రాదు. అప్పుడు కమీషనూ సర్వీసు చార్జీ రెండూ కలిపి ఏడాదికి 20 లక్షలు దాటుతున్నాయా అని చూసుకోవాలి. దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

మీరు బ్రోకర్ కింద పీఓఎస్‌పీ (పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్, అంటే బ్రోకర్ తరఫున పాలసీలు అమ్మే మనిషి) అయితే మీకు డబ్బిచ్చేది బ్రోకర్, ఇన్సూరెన్స్ కంపెనీ కాదు. అందుకని రివర్స్ చార్జ్ మాట ఇక్కడ లేదు. 20 లక్షల లోపు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు, దాటితే మీరే 18 శాతం జీఎస్టీతో బిల్లు ఇవ్వాలి.

మీది బ్రోకింగ్ సంస్థ అయితే మొదటి నుంచీ బిల్లు మీదే, జీఎస్టీ మీదే. మీకోసం 6, 8 అంచెలు ప్రత్యేకంగా ఉన్నాయి. మిగతావాళ్లు వాటిని దాటేయొచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కంపెనీ లేదా బ్రోకర్ పంపిన నెలవారీ కమీషన్ స్టేట్‌మెంట్. పీడీఎఫ్ కాకుండా ఎక్సెల్ ఫైలే అడగండి, ఇస్తారు.
- ఆ నెల పేఅవుట్ గ్రిడ్, అంటే ఏ పాలసీకి ఎంత శాతం కమీషనో చెప్పే పట్టిక. వాట్సాప్‌లో వచ్చి పోతుంది, నెల పేరుతో సేవ్ చేసుకోండి. మూడు నెలల తర్వాత "అప్పుడు రేటు అంత లేదండీ" అంటే చూపించడానికి ఇదొక్కటే ఆధారం.
- బ్యాంకు స్టేట్‌మెంట్.
- ఆదాయపు పన్ను పోర్టల్ లాగిన్.
- మీ పాలసీల రిజిస్టరు. లేకపోతే 3వ అంచెలో తయారు చేసుకుందాం.

1. టాలీలో సెట్టింగులు

ఎఫ్11 నొక్కి బిల్-వైజ్ ఎంట్రీ (ఏ బిల్లుకు డబ్బొచ్చిందో విడివిడిగా చూపేది) ఎనేబుల్ చేయండి. ఇద్దరు ముగ్గురు సిబ్బంది లేదా రెండు మూడు ఊళ్లలో బ్రాంచీలు ఉంటే కాస్ట్ సెంటర్లు కూడా ఆన్ చేయండి. తాడిపత్రిలో ఎంత వస్తోంది, కళ్యాణదుర్గంలో ఎంత వస్తోంది అని తర్వాత విడిగా చూసుకోవచ్చు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కమీషన్‌లో టీడీఎస్ కోస్తున్నారు కదా అని ఎఫ్11లో టీడీఎస్ ఆప్షన్ ఆన్ చేసేస్తారు. ఆ ఆప్షన్ మీరు ఇతరులకు డబ్బిస్తూ టీడీఎస్ కోసేటప్పటికి. మీ దగ్గర కోసినదానికి మామూలు లెడ్జర్ ఒకటి చాలు. అనవసరంగా ఆన్ చేస్తే ప్రతి ఎంట్రీకీ నేచర్ ఆఫ్ పేమెంట్ అడుగుతూ విసిగిస్తుంది.

2. లెడ్జర్లు

గేట్‌వే నుంచి క్రియేట్, లెడ్జర్‌కు వెళ్లి ఇవి చేసుకోండి.

- ప్రతి ఇన్సూరెన్స్ కంపెనీకి, లేదా మీకు డబ్బిచ్చే బ్రోకర్‌కు ఒక్కో లెడ్జర్. గ్రూపు సండ్రీ డెటార్స్. బిల్-బై-బిల్ ఎస్ అని పెట్టండి.
- మోటార్ కమీషన్, హెల్త్ కమీషన్, లైఫ్ కమీషన్, ఇతర కమీషన్: నాలుగు లెడ్జర్లు. మీ ప్రధాన వ్యాపారం ఇదే కాబట్టి గ్రూపు డైరెక్ట్ ఇన్‌కమ్స్. ఇంకేదో వ్యాపారం ఉండి ఇది పక్కపని అయితే ఇన్‌డైరెక్ట్ ఇన్‌కమ్స్.
- కమీషన్ రికవరీ. ఇదీ ఆదాయం గ్రూపులోనే. ఖర్చుల్లో పెట్టొద్దు, కారణం 7వ అంచెలో ఉంది.
- టీడీఎస్ రావలసినది. గ్రూపు కరెంట్ అసెట్స్. ఏడాదికో లెడ్జర్ తెరవండి, పేరులోనే 2025-26 లాగా ఏ ఏడాదిదో రాయండి. అన్నేళ్లదీ ఒకే లెడ్జర్‌లో వేస్తే రిటర్ను వేసే రోజు తల పట్టుకోవాలి.
- కస్టమర్ ప్రీమియం ఖాతా. గ్రూపు కరెంట్ లయబిలిటీస్.

లైఫ్ పాలసీలు ఎక్కువ చేసేవాళ్లు మొదటి ఏడాది కమీషన్, రెన్యువల్ కమీషన్ విడగొట్టుకోవడం మంచిది. మోటార్ వాళ్లకు ఆ అవసరం ఉండదు.

3. పాలసీ రిజిస్టరు

అసలు పనంతా ఇక్కడుంది. టాలీలో పాలసీకో ఎంట్రీ వేయాలని కూర్చోకండి, నెలకు రెండు వందల పాలసీలు చేసే ఆఫీసులో అది జరిగే పని కాదు. పాలసీ వారీ లెక్క ఎక్సెల్‌లో, నెలవారీ మొత్తం టాలీలో ఉండాలి.

ఎక్సెల్‌లో ఈ గడులు పెట్టండి: పాలసీ తేదీ, పాలసీ నంబరు, కస్టమర్ పేరు, బండి నంబరు, కంపెనీ, రకం, ఓడీ (సొంత బండి నష్టానికి) ప్రీమియం, టీపీ (థర్డ్ పార్టీ) ప్రీమియం, గ్రిడ్ శాతం, రావలసిన కమీషన్, వచ్చిన కమీషన్, ఏ నెల స్టేట్‌మెంట్‌లో వచ్చింది, తేడా. చివరి మూడు గడులు మొదట్లో ఖాళీగా ఉంటాయి. స్టేట్‌మెంట్ రాగానే నింపుతారు.

కమీషన్ లెక్క ఎప్పుడూ జీఎస్టీ కాకుండా ఉన్న ప్రీమియం మీదే. మోటార్‌లో ఓడీకి ఒక శాతం, టీపీకి ఇంకో శాతం ఉండొచ్చు. ఉదాహరణకు ఒక టిప్పరుకు ఓడీ 24,000, టీపీ 36,000 అనుకుందాం. మీ గ్రిడ్‌లో ఓడీకి 15 శాతం, టీపీకి 2.5 శాతం అని ఉంటే రావలసినది 3,600, 900 కలిపి 4,500. మొత్తం 60,000 మీద 15 శాతం వేసుకుని 9,000 రావాలని కంపెనీ మీద ఎగిరితే లాభం లేదు. ఈ శాతాలు లెక్క చూపడానికి వేసినవే, మీ గ్రిడ్‌లో ఏముందో అదే వేయండి.

రెండు హెచ్చరికలు, రెండూ ఎక్సెల్‌వే.

ఒకటి, పాలసీ నంబర్లు. జనరల్ ఇన్సూరెన్స్ పాలసీ నంబర్లు చాలావరకు 15 అంకెలకన్నా పొడుగు. ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు, ఆ తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది. మీరు అతికించిన 18 అంకెల నంబరు చివర మూడు సున్నాలతో కనిపిస్తే జరిగింది ఇదే. తర్వాత వీలుకప్‌తో (ఎక్సెల్‌లో వెతికే ఫార్ములా) ఎంత వెతికినా దొరకదు, దొరికినా ఒకరి పాలసీ ఇంకొకరికి కలిసిపోతుంది. నంబరు అతికించడానికి ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. ముందు అతికించి తర్వాత మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.

రెండు, పాత ఫార్ములా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు. ఫ్యామిలీ ఫ్లోటర్లకూ ఇదే వర్తిస్తుంది. కానీ చాలామంది షీట్లలో ప్రీమియంను 1.18తో భాగించే ఫార్ములా అలాగే నడుస్తోంది. కస్టమర్ కట్టిన 20,000 మొత్తం ఇప్పుడు అసలు ప్రీమియమే. పాత ఫార్ములా దాన్ని 16,949 అని చూపిస్తుంది. 15 శాతం కమీషన్ 3,000 రావాల్సిన చోట మీ షీట్ 2,542 అంటుంది. కంపెనీ తక్కువ ఇచ్చినా మీకు సరిగ్గానే కనిపిస్తుంది, అసలు ప్రమాదం అదీ. గ్రూప్ పాలసీలకు, మోటార్‌కు మాత్రం జీఎస్టీ ఉంది కాబట్టి రకాన్ని బట్టి ఫార్ములా మార్చుకోవాలి.

ఇదే మార్పు తర్వాత కొన్ని కంపెనీలు హెల్త్, లైఫ్ కమీషన్ రేటును జీఎస్టీతో కలిపి ఉన్నట్టుగా మార్చాయి. ప్రీమియం మీద జీఎస్టీ పోయింది గానీ, కమీషన్ అనే సేవ మీద జీఎస్టీ పోలేదు. మీకొచ్చిన లెటర్‌లో రేటు జీఎస్టీ కలిపా, కాకుండానా అన్నది చదివి రిజిస్టరులో రాసుకోండి.

4. స్టేట్‌మెంట్ రాగానే జర్నల్

డబ్బు పడేదాకా ఆగకండి. స్టేట్‌మెంట్ ఏ నెలదో ఆ నెల చివరి తేదీ వేసి, ఎఫ్7 జర్నల్‌లో ఎంట్రీ వేయండి. అంకెలతో చూద్దాం.

ఒక కంపెనీ స్టేట్‌మెంట్‌లో మోటార్ 38,200, హెల్త్ 9,600, ఇతరాలు 3,000. మొత్తం 50,800. రద్దయిన పాలసీలకు రికవరీ 2,300. మిగిలింది 48,500. దాని మీద 2 శాతం టీడీఎస్ 970. బ్యాంకుకు వచ్చేది 47,530.

జర్నల్ ఇలా ఉండాలి:

కంపెనీ లెడ్జర్ డెబిట్ 47,530
టీడీఎస్ రావలసినది డెబిట్ 970
కమీషన్ రికవరీ డెబిట్ 2,300
మోటార్ కమీషన్ క్రెడిట్ 38,200
హెల్త్ కమీషన్ క్రెడిట్ 9,600
ఇతర కమీషన్ క్రెడిట్ 3,000

రెండు వైపులా 50,800. కంపెనీ లెడ్జర్ దగ్గర బిల్-వైజ్ అడిగినప్పుడు న్యూ రెఫ్ ఎంచుకుని, కంపెనీ పొట్టి పేరు, నెల, సంవత్సరం కలిపి పేరు పెట్టండి. ప్రతి నెలా ఒకే వరసలో పెట్టండి. ఒకసారి జూలై అని, ఇంకోసారి 07 అని పెడితే ఏడాది చివర వెతకడం నరకం.

టీడీఎస్ రేటు గురించి: ఇన్సూరెన్స్ కమీషన్ మీద వ్యక్తులకు పాత ఆదాయపు పన్ను చట్టం 194డి సెక్షన్ కింద ఒకప్పుడు 5 శాతం ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి 2 శాతం. అదే రోజు నుంచి ఏడాది పరిమితి కూడా 15,000 నుంచి 20,000కు పెరిగింది. డొమెస్టిక్ కంపెనీలకు మాత్రం 10 శాతమే. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చాక, అంటే 2026 ఏప్రిల్ 1 నుంచి ఈ టీడీఎస్‌లన్నీ 393వ సెక్షన్ కిందకి చేరాయి. కొత్త స్టేట్‌మెంట్లలో 194డి కనిపించకపోతే కంగారు పడొద్దు.

స్టేట్‌మెంట్‌లో టీడీఎస్ దేని మీద కోశారో అనుమానం వస్తే, టీడీఎస్ మొత్తాన్ని 50తో గుణించండి. 970ని గుణిస్తే 48,500. అంటే రికవరీ పోగా మిగిలినదాని మీద కోశారు. 50,800 మీద కోసి ఉంటే టీడీఎస్ 1,016 ఉండేది. రెండు పద్ధతులూ కనిపిస్తుంటాయి. 26ఏఎస్‌లో ఏ అంకె వస్తుందో ముందే తెలియడానికి ఈ గుణకారం చాలు.

5. డబ్బు పడ్డాక రసీదు

ఎఫ్6 రిసీట్. బ్యాంకు డెబిట్, కంపెనీ క్రెడిట్ 47,530. బిల్-వైజ్‌లో ఎగైనెస్ట్ రెఫ్ ఎంచుకుని ఆ నెల బిల్లుకే కొట్టండి. ఆన్ అకౌంట్ అని వదిలేయొద్దు. వదిలేస్తే కంపెనీ నిల్వ సరిగ్గానే ఉంటుంది గానీ ఏ నెలది వచ్చింది, ఏ నెలది రాలేదు అన్నది కనబడదు.

పడింది రూపాయో రెండో తేడా ఉంటే రౌండ్ ఆఫ్ లెడ్జర్‌లో వేసేయండి. వంద దాటిన తేడాను అలా తుడిచేయకండి, అది ఏదో ఒక పాలసీ. కొన్ని కంపెనీలు నెలకు రెండు మూడు విడతలుగా వేస్తాయి. అప్పుడు ప్రతి విడతా అదే బిల్లుకు ఎగైనెస్ట్ రెఫ్.

6. బ్రోకింగ్ సంస్థలకు: జీఎస్టీ బిల్లు

మీకు జర్నల్ కాదు, ఎఫ్8 సేల్స్ ఇన్వాయిస్. సేవ కోడ్ 997161, రేటు 18 శాతం. కమీషన్ లక్ష అయితే జీఎస్టీ 18,000, బిల్లు 1,18,000. జీఎస్టీ విడిగా చూపించిన బిల్లులో టీడీఎస్ లక్ష మీదే కోయాలి. సంస్థ కంపెనీ అయితే 10,000 పోయి 1,08,000 వస్తుంది. ఎల్ఎల్‌పీ అయితే 2,000 పోయి 1,16,000. టీడీఎస్‌ను జర్నల్‌లో అదే బిల్లుకు ఎగైనెస్ట్ రెఫ్ పెట్టి తగ్గించండి.

సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలా, ఐజీఎస్టీ వేయాలా అన్నచోట రాయలసీమ ఆఫీసులు తరచూ తప్పుతాయి. పాలసీ అనంతపురంలో చేశాం, కస్టమర్ అనంతపురం వాడే, కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అనుకుంటారు. చూడాల్సింది కస్టమర్‌ని కాదు, మీరు ఏ జీఎస్టీ నంబరుకు బిల్లు ఇస్తున్నారో దాన్ని. ఇన్సూరెన్స్ కంపెనీ నంబరు 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, రెండు సగాలుగా వేయండి. హైదరాబాద్ ఆఫీసు నంబరు 36, బెంగళూరు 29, ముంబయి 27. వీటిలో దేనికి ఇచ్చినా ఐజీఎస్టీయే. లెడ్జర్ మాస్టర్‌లో జీఎస్టీ నంబరు, రాష్ట్రం సరిగ్గా పెడితే టాలీ దానంతటదే తేల్చుకుంటుంది. బిల్లు తేదీ దాటాక కంపెనీ వాళ్లు "మా విజయవాడ నంబరుకు మార్చండి" అనడం మామూలే. జీఎస్టీఆర్-1 (మీ బిల్లుల నెలవారీ రిటర్ను) వేసే 11వ తేదీ లోపు ఏ నంబరో ఖాయం చేయించుకోండి.

7. రద్దయిన పాలసీలు, వెనక్కి లాగుకున్న కమీషన్

చెక్కు బౌన్స్ అయినా, కస్టమర్ ఫ్రీ లుక్‌లో (పాలసీ నచ్చకపోతే తిరిగిచ్చేసే గడువు) వెనక్కిచ్చినా, బండి అమ్మేసి పాలసీ రద్దు చేయించుకున్నా కంపెనీ మీకిచ్చిన కమీషన్‌ను తర్వాతి స్టేట్‌మెంట్‌లో కోసుకుంటుంది. లైఫ్, హెల్త్ పాలసీలకు ఫ్రీ లుక్ 2024 నుంచి 30 రోజులు. కాబట్టి నెలాఖరులో చేసిన హెల్త్ పాలసీ కమీషన్ వచ్చే నెల దాకా పక్కా అనుకోకండి.

రికవరీని ఖర్చుగా రాస్తే ఆదాయం 50,800 అని, ఖర్చు 2,300 అని కనిపిస్తుంది. లాభం అదే వస్తుంది గానీ 26ఏఎస్‌లో 48,500 ఉంటే ఆదాయం అంకెకు పొంతన కుదరదు. జీఎస్టీ 20 లక్షల పరిమితి దగ్గర ఉన్నవాళ్లకు అనవసరంగా టర్నోవర్ పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఆదాయం గ్రూపులోనే డెబిట్ చేయమన్నది.

రికవరీ పెట్టిన ప్రతి పాలసీ నంబరును రిజిస్టరులో వెతకండి. అసలు ఆ పాలసీకి మీకు కమీషన్ ఇచ్చారా అన్నది చూడండి. ఎప్పుడూ ఇవ్వని కమీషన్‌ను వెనక్కి లాగుకోవడం అరుదేమీ కాదు. ఎక్కువగా ఎండార్స్‌మెంట్ (వివరాల మార్పు) అయిన పాలసీల్లో, నంబరు చివర కొత్త అంకె చేరినప్పుడు ఇలా అవుతుంది.

బ్రోకర్లు ఇక్కడ ఆల్ట్+ఎఫ్6 క్రెడిట్ నోట్ వేయాలి, పాత బిల్లు నంబరు ఇవ్వాలి. లేకపోతే రాని కమీషన్‌కు జీఎస్టీ కట్టినవాళ్లవుతారు.

8. పీఓఎస్‌పీలకు మీరిచ్చే కమీషన్

ఇప్పుడు ఎఫ్11లో టీడీఎస్ ఆప్షన్ ఆన్ చేయండి. ప్రతి పీఓఎస్‌పీకి సండ్రీ క్రెడిటార్స్‌లో లెడ్జర్, పాన్ తప్పనిసరి. ఏడాదిలో ఒకరికి ఇచ్చింది 20,000 దాటగానే అప్పటిదాకా ఇచ్చినదానికీ కలిపి 2 శాతం కోయాలి. 30,000 అయితే 600 కోసి 29,400 ఇస్తారు. కోసింది వచ్చే నెల 7లోపు కట్టాలి, మార్చిది మాత్రం ఏప్రిల్ 30లోపు.

ఇక్కడ ఒక మాట. పీఓఎస్‌పీ కాని, ఏజెంటు కాని మనిషికి "పార్టీని తెచ్చాడు" అని కమీషన్ ఇవ్వడం ఇన్సూరెన్స్ చట్టం 40వ సెక్షన్‌కు విరుద్ధం. టాలీలో దానికి రెఫరల్ ఖర్చులు అని అందమైన పేరు పెట్టినంత మాత్రాన సక్రమం అయిపోదు. షోరూమ్ కుర్రాడికి నెలనెలా ఇస్తుంటే అతనితో పీఓఎస్‌పీ ట్రైనింగు పూర్తిచేయించి, పరీక్ష రాయించి రిజిస్టర్ చేయించండి.

అలాగే 41వ సెక్షన్. "నీ కమీషన్‌లో సగం నాకు తగ్గించన్నా, లేకుంటే పక్కాయన దగ్గర చేయించుకుంటా" అని లారీ ఓనర్లు అడుగుతారు, అందరికీ తెలిసిందే. కమీషన్‌లో వాటా కస్టమర్‌కు ఇవ్వడం రిబేటు, నిషేధం. కస్టమర్ డిస్కౌంట్ అని లెడ్జర్ తెరిచి నెలనెలా రాసేవాళ్లున్నారు. ఎవరూ అడగకముందే సాక్ష్యం రాసి పెట్టుకున్నట్టుంటుంది.

9. కస్టమర్ డబ్బు మీ డబ్బు కాదు

కస్టమర్ ఫోన్‌పే చేసిన ప్రీమియం మీ బ్యాంకులో పడి, మీరు పోర్టల్‌లో కడతారు. పడినప్పుడు రిసీట్: బ్యాంకు డెబిట్, కస్టమర్ ప్రీమియం ఖాతా క్రెడిట్. కట్టినప్పుడు ఎఫ్5 పేమెంట్: ప్రీమియం ఖాతా డెబిట్, బ్యాంకు క్రెడిట్. దీన్ని ఎక్కడా ఆదాయంలో గానీ ఖర్చులో గానీ కలపొద్దు. కలిపితే మూడు లక్షల కమీషన్ ఉన్న మనిషికి ముప్ఫై లక్షల టర్నోవర్ కనిపిస్తుంది.

సాయంత్రం ఆఫీసు కట్టేసే వేళకు ఈ ఖాతా సున్నా ఉండాలి. క్రెడిట్ నిల్వ ఉంటే కస్టమర్ డబ్బు మీ దగ్గర ఆగిపోయిందని. ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ఏజెంటు తీసుకున్న ప్రీమియాన్ని, సెలవులు మినహాయించి, 24 గంటల్లో కంపెనీకి చేర్చాలి. కట్టకముందు బండికి యాక్సిడెంట్ అయితే ఇక టెన్షన్ మీది. డెబిట్ నిల్వ ఉంటే మీ సొంత డబ్బు పెట్టి పాలసీ చేశారని. "బాడుగ రాగానే ఇస్తాలే అన్నా" అన్నవాళ్ల బాకీ ఇది. వాళ్ల పేర్లతో సండ్రీ డెటార్స్‌లో లెడ్జర్లు తెరిచి అక్కడికి మార్చండి, ప్రీమియం ఖాతాలో కలగాపులగంగా ఉంచకండి.

వీలైతే దీనికి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి, కరెంట్ అకౌంట్ అయితే మేలు. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమ అయితే బ్యాంకు ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. అడిగితే అది కస్టమర్ల ప్రీమియం అని చూపించుకోవడానికి టాలీలోని ఈ ప్రీమియం ఖాతాయే మీ జవాబు.

10. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

నెలకోసారి: అవుట్‌స్టాండింగ్స్‌లో రిసీవబుల్స్ తెరవండి. ఒక్కో కంపెనీకి గత నెల బిల్లు మాత్రమే కనిపించాలి. రెండు నెలలు దాటిన బిల్లు ఉంటే రసీదు తప్పు బిల్లుకు కొట్టి ఉంటారు, లేదా నిజంగానే డబ్బు రాలేదు.

అదే రోజు రిజిస్టరులో "వచ్చిన కమీషన్" గడి ఖాళీగా ఉన్న వరసలను ఫిల్టర్ చేయండి. ఇది చేయడానికి పది నిమిషాలు పట్టదు, కానీ డబ్బు దొరికేది ఇక్కడే. రాని పాలసీలకు మామూలు కారణాలు మూడు: వేరే ఏజెంటు కోడ్‌లో పడటం, గ్రిడ్‌లో లేని బండి మోడల్ కావడం, పాలసీ నెల చివర రోజు రావడం వల్ల వచ్చే స్టేట్‌మెంట్‌కు జరగడం. మూడోదైతే ఆగండి. మొదటి రెండైతే పాలసీ కాపీ జతచేసి ఆ వారంలోనే మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రికార్డు ఉండదు.

మూడు నెలలకోసారి: టీడీఎస్ లెడ్జర్‌ను 26ఏఎస్‌తో పోల్చండి. కంపెనీలు త్రైమాసిక రిటర్ను వేశాకే అందులో కనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోసినదానికి గడువు జూలై 31, కాబట్టి జూలై మొదటి వారంలో లేదని గొడవ పడొద్దు. ఆగస్టులో చూడండి.

పోల్చేటప్పుడు టీడీఎస్ ఒక్కటే కాదు, పక్కనున్న చెల్లించిన మొత్తం కాలమ్ కూడా చూడండి. రికవరీ పోగా మిగిలినదాని మీద టీడీఎస్ కోసే కంపెనీ అయితే అది మీ కమీషన్ లెడ్జర్ల మొత్తంలోంచి రికవరీ తీసేసినదానికి సమానం కావాలి, రికవరీకి ముందే కోసే కంపెనీ అయితే పూర్తి మొత్తానికి. కమీషన్‌తో పాటు బహుమతిగా ఇచ్చిన ట్రిప్పు, బంగారు నాణెం లాంటివి కూడా కొన్నిసార్లు అందులో కలుస్తాయి. తేడా ఎక్కడొచ్చిందో తెలియక జుట్టు పీక్కునేవాళ్లు ముందు కాంటెస్ట్‌లో ఏం గెలిచారో గుర్తు తెచ్చుకోండి.

మార్చి నెల విడిగా చూడాలి. మార్చి కమీషన్ ఏప్రిల్ మధ్యలో పడుతుంది. కంపెనీ మాత్రం మార్చి 31నే తన పుస్తకాల్లో వేసి, అప్పుడే టీడీఎస్ చూపించేస్తుంది. మీరు డబ్బు పడిన ఏప్రిల్ తేదీతో రాస్తే టీడీఎస్ ఒక ఏడాదిలో, ఆదాయం ఇంకో ఏడాదిలో ఉండిపోతాయి. మార్చి స్టేట్‌మెంట్ ఎప్పుడు వచ్చినా జర్నల్ తేదీ మార్చి 31 వేయండి.

26ఏఎస్‌లో మీ టీడీఎస్ కనబడకపోతే మొదట స్టేట్‌మెంట్ మీద ఉన్న పాన్‌ను అక్షరం అక్షరం చూసుకోండి. పాన్ సరిగ్గా ఉంటే కంపెనీ అకౌంట్స్ విభాగానికి మీ పాన్, ఏ త్రైమాసికం, ఎంత కమీషన్, ఎంత టీడీఎస్ అన్న నాలుగు వివరాలతో మెయిల్ పెట్టి, దిద్దుబాటు రిటర్ను వేయమని అడగండి. వాళ్లు వేశాక కొన్ని రోజుల్లో కనిపిస్తుంది. మీ రిటర్ను గడువు దగ్గర పడేదాకా ఆగి అడిగితే మాత్రం ఆ మెయిల్ మీలాంటివాళ్లు పంపిన వందల మెయిళ్ల కింద పడి ఉంటుంది. అందుకే ఈ పని ఆగస్టులోనే, నవంబరులోనే, ఫిబ్రవరిలోనే చేయమనేది.